బొటనవేలి బొట్టు

జూన్ 3, సోమవారం

ఎదురు మేడలో దొంగలు పడ్డారు. పట్టపగలు, కరెంటు పోయిన వేళ. మీటరు చూస్తామని చెప్పి లోపలికొచ్చి, ముసలామెను కుర్చీకి కట్టేసి, చేతి గాజులు లాక్కుపోయారట. వాన మొదలైనప్పటి నుంచి మా సందులో ఇది రెండో ఇల్లు. బర్మాలో ఎన్ని గొడవలైనా మా సంచౌంగ్ పేటలో ఇలాంటివి వింటానని ఎన్నడూ అనుకోలేదు. మా చిన్నప్పుడు ఈ సందులో తలుపులు వేసేది జల్లు కొడితేనే.

సాయంత్రం దేవుడి అల్మారా పై అరలోంచి నాన్న పిస్తోలు దింపాను. ఎర్రగుడ్డ విప్పి చూసుకుని మళ్ళీ చుట్టాను. ఇకనుంచి కింది అరలో, చేతికందేటట్టు ఉంటుంది.

సుధామణి వంటింట్లోంచి చూసింది. ఏమీ అనలేదు. మా ఆవిడ ఏమీ అనలేదంటే రేపు అంటుందని అర్థం. ఇంతకాలం కాపురం చేసి ఆమాత్రం తెలుసుకున్నాను.

జూన్ 4

అంది.

"దాన్ని కిందకెందుకు దింపీసినారు?"

"దొంగలొస్తన్నారు కదేటి."

"దొంగలొస్తే గాజులు పోతాయి. ఇంట్లో ఎవులున్నారో చూడ్డానికి వచ్చీ సిపాయిల కంట పడితే మీరే పోతారు. ఏది పోవాల మీకు?"

తను చెప్పింది తప్పని అనను. కాగితాల్లేని పిస్తోలు ఇంట్లో దొరికితే ఈ రోజుల్లో మనిషి మళ్ళీ కనిపించడు. కానీ నా ఊహ తెలిసినప్పటినుంచి ఇది ఆ అల్మారాలోనే ఉంది. ఎంతమంది వచ్చి చూసి వెళ్ళలేదు? దేవుడి గుడ్డ మీద చెయ్యి వేయడానికి ఎవరికైనా జంకే.

జూన్ 9, ఆదివారం

వాన. ఎక్కడికీ కదల్లేదు. పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

నిజానికి ఇది నాన్నది కాదు, రేవులో ఆయన దర్వానుగా చేసిన గోడౌను సేటుది. సర్కారు గోడౌన్లన్నీ తీసేసుకున్న ఏడు సేటు ఓడెక్కి వెళ్ళిపోతూ, "ఉంచు బంగారురాజూ, పరిస్థితి చక్కబడ్డాక వస్తాను" అని నాన్న చేతిలో పెట్టాడట. అప్పటికి నేను పాకే పిల్లాణ్ణి. సేటు మళ్ళీ రాలేదు. నాన్న మాత్రం చివరిదాకా "ఆయనొస్తే ఇచ్చీయాల" అంటూనే ఉండేవాడు. ఒక్కసారి కూడా పేల్చలేదు. అయినా మా ఇంటికి పిస్తోలిల్లు అని పేరు పడిపోయింది.

దసరా వచ్చిందంటే మా నాన్నను చూడాలి. తెల్లారేసరికి తలంటుకుని, పసుపు పంచె కట్టి, పీట మీద గుడ్డ పరిచేవాడు. మధ్యలో పిస్తోలు. దాని చుట్టూ ఆయన దుడ్డుకర్ర, గోడౌను తాళాలు, అమ్మ కత్తెర. రేవులో మూటలెత్తే మన తెలుగువాళ్ళందరూ తమ కొక్కేలు తెచ్చి మా ఇంట్లోనే పెట్టేవాళ్ళు. పిస్తోలు పక్కన పూజ చేస్తే కొక్కేనికి బలమని నమ్మకం. వెనక సందు బర్మా కసాయి కూడా తన కత్తి పంపేవాడు. ఇల్లంతా ఇనుప వాసన, సాంబ్రాణి వాసన. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు అన్నింటి మీదా చల్లేవాడు. ఆ తర్వాత గంధం, పసుపు, బొట్టు.

నాన్న బొట్టు అందరిలా ఉండదు. ఉంగరం వేలు ఓడ తాడులో పడి నలిగిపోయింది. అందుకని కుంకంలో ఆవుదం చుక్క వేసి కలిపి బొటనవేలితో అద్దేవాడు. పిడి మీద ఎడమకి ఒరిగి, బాదం గింజంత. అద్దాక నావైపు చూసి, "ఇప్పుడు ముట్టుకో నాయినా" అనేవాడు. ఏడాదికి ఒక్కసారి, ఒక్క వేలితో.

"పేల్చవా నాన్నా?" అని అడిగానొకసారి.

"ఇది ఉన్నాదని దొంగోడికి తెలిస్తే చాలు. పేల్చీ పని పడకూడదు" అన్నాడు.

ఆయన పోయాక నేను దాని మీద మళ్ళీ బొట్టు పెట్టలేదు. దసరాకి పువ్వు పెడతాను, హారతిస్తాను, అంతే. ఆయన పెట్టిన ఆఖరి బొట్టు అలాగే ఉంది. ఈరోజు కూడా చూశాను. ఎండి ఎండి కాస్త చిన్నదయినట్టుంది కానీ ఒరుగు అదే ఒరుగు. ఇల్లు మారింది, రేవు మారింది, కొక్కేలు పట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ ఒక్కటీ ఉంది. చూస్తుంటే ఆయన ఇప్పుడే లేచి మంచినీళ్ళకి వెళ్ళాడేమో అనిపిస్తుంది.

జూన్ 12

ఊ తిన్‌మౌంగ్‌ని పిలిచాను. రేవు వర్క్‌షాపులో నాతో కలిసి రిటైరయ్యేదాకా పనిచేశాడు. ఎక్కడా నోరు విప్పడు. నన్ను ఇప్పటికీ 'కో' అనే పిలుస్తాడు, అన్నా అని.

గుడ్డ విప్పి కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు. ముందు నవ్వాడు. ఆపుకోలేక ఇంకా నవ్వాడు.

"కో చలం, మీ ఇంట్లో దీన్ని పూజ చేశారా, కూర వండారా?" అన్నాడు బర్మాలో.

గొట్టంలో గంధం గడ్డకట్టి రాయయింది. గుళ్ళు పెట్టే గుండ్రటి అర తిరగడం లేదు. కొబ్బరినీళ్ళకి తుప్పు, తుప్పు మీద పసుపు, దాని మీద మళ్ళీ కొబ్బరినీళ్ళు. లోపల గుళ్ళున్నాయో లేవో కూడా తెలియదట. భక్తిలో మా ఇంట్లో ఎవరూ తక్కువ తినలేదు. నాన్నకి ఫిరంగి ఇచ్చి ఉంటే పానకం పోసేవాడు.

"బాగవుతుందా?"

"కిరసనాయిల్లో నానేసి, అంతా గీకి, పిడి విప్పి కడగాలి. అప్పుడు చూద్దాం."

"పిడి ఎందుకు?"

"విప్పకుండా ఎలా అవుతుంది? ఈ ఎర్రమచ్చ పోతుందనా? మళ్ళీ పెట్టుకో."

ఎర్రమచ్చ అన్నాడు. వాడి తప్పు కాదు. టీ తాగించి పంపేశాను. ఆలోచించి చెబుతానన్నాను.

జూన్ 13

కిరసనాయిలు సీసా కొన్నాను. మూత తీయలేదు.

జూన్ 15

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. బొట్టు ఒక్కటీ వదిలేసి మిగతాది కడగొచ్చేమో. తిన్‌మౌంగ్‌ని ఫోన్లో అడిగాను. అది బొమ్మ కాదు అన్నాడు.

అయినా పనిచేయాలనేముంది? చూపిస్తే చాలు. నాన్న అన్నది అదే కదా.

జూన్ 17, సోమవారం

సుధామణి నది దాటి ట్వంటే వెళ్ళిపోయింది, అక్క తులసమ్మ ఇంటికి. ఇక్కడ రాసుకుంటున్నాను గాని పెద్ద గొడవేం కాదు. కిరసనాయిలు సీసా చూసి మొదలుపెట్టింది.

"బాగుచేయిస్తారా?"

"లేదు."

"మరి పారేస్తారా?"

"నాన్నది ఎలా పారేస్తాను?"

"ఇంట్లో ఉంటే పనికొచ్చీలాగుండాల. లేదంటే ఒగ్గీయాల. మీది పనికీ రాదు, ఒగ్గనూ ఒగ్గరు. దొంగోడు వస్తే మీరు దాన్ని పట్టుకుని ఎదురెళ్తారు. నాకు తెలుసు. ఆడి దగ్గర కత్తుంటాది. నాను చూస్తా కూకోవాలా?"

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. గుర్తుంది. "నీకు నాన్నంటే మొదట్నుంచీ గిట్టదు" అన్నాను. అది అబద్ధమని అంటుండగానే తెలుసు. ఆఖరి రోజుల్లో ఆయనకి అన్నం కలిపి తినిపించింది తనే.

తను లేచి బట్టలు సర్దుకుంది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "అది ఇంట్లోంచి పోయిన్నాడు కబురెట్టండి, వస్తాను" అంది. డలా వెళ్ళే పడవ రేవు దాకా గొడుగు పట్టుకుని వెంట వెళ్ళాను. టిక్కెట్టు తనే కొనుక్కుంది.

వారం తిరక్కుండా వచ్చేస్తుంది. ఆ పల్లెలో ఎన్నాళ్ళుంటుంది?

జూన్ 18

ఇల్లు ప్రశాంతంగా ఉంది. మంచిదే.

జూన్ 20

అన్నం మాడింది.

జూన్ 23, ఆదివారం

మా అమ్మాయి భాను లైంగ్‌థార్యార్ నుంచి ఫోన్ చేసింది. కుట్టు ఫ్యాక్టరీలో ఈ వారం సెలవు లేదట. "నాన్నా, అమ్మ ఎక్కడ?" అంది. వాళ్ళక్కని చూడ్డానికి వెళ్ళిందన్నాను. "గొడవాడుకున్నారా? మీ ఇద్దరూ చిన్నపిల్లలు" అని సగం బర్మాలో సగం తెలుగులో తిట్టింది. దానికి అన్నీ అర్థమవుతాయి. మాట మాత్రం అతుకుల బొంత.

నేను ఫోన్ చేయలేదు. తనూ చేయలేదు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. మొండివాడి పెళ్ళాం ఎవరికన్నా బలవంతురాలో ఎవరూ చెప్పలేదు.

జూన్ 26

మధ్యాహ్నాలు తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. పిస్తోలు పక్కన స్టూలు మీద. కాపలా అన్నమాట. నిజానికి నాన్న గోడౌను గేటు దగ్గర ఇలాగే కూర్చునేవాడు. బడి అయ్యాక అన్నం క్యారేజీ నేనే తీసుకెళ్ళేవాణ్ణి. బియ్యం బస్తాల దుమ్ము, నది బురద వాసన, ఓడల కూతలు. నన్ను చూడగానే కర్ర గోడకానించి, "ఏటి తెచ్చినావు?" అనేవాడు, అమ్మ రోజూ పంపేది ఆ చేపల పులుసే అయినా. తిన్నాక వేళ్ళు నాకి చూపించి నవ్వేవాడు. నలిగిన వేలు కూడా.

ఈరోజు ఆ చేపల పులుసు వాసన నిజంగానే వచ్చింది. పైన మేడ మీద దా ఖిన్‌తాన్ వండుతోంది. ఆవిడే ఒక గిన్నెడు దింపి ఇచ్చింది. "దా సుధా ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. రేపో ఎల్లుండో అన్నాను.

జూలై 2, మంగళవారం

వచ్చారు. మధ్యాహ్నం. పిస్తోలు చూపించాను. పారిపోయారు. నాకేం కాలేదు. మోచెయ్యి కొంచెం గీరుకుంది, తలుపు తగిలి.

నాన్న చెప్పింది అక్షరాలా నిజం. చూపిస్తే చాలు.

జూలై 3

నిన్నటిది సరిగ్గా రాయలేదు. ముగ్గురు వచ్చారు. ఒకడి దగ్గర కత్తి ఉంది. నేను పిస్తోలెత్తి, కదిలితే కాలుస్తానన్నాను. గజగజ వణికారు. సందు చివరిదాకా తరిమాను. పిస్తోలు గుడ్డలో చుట్టి అల్మారాలో పెట్టాను.

తిన్‌మౌంగ్ ఫోన్ చేశాడు. వాడికి ఎవరు చెప్పారో. "అది వాళ్ళ మనవలు ప్రయత్నించినా పేలదు, నువ్వు దాని గురించి బెంగ పెట్టుకోకు" అన్నాడు. ఎందుకలా అన్నాడో అర్థం కాలేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

జూలై 4

ఈరోజు దీపం పెట్టలేదు. అల్మారా తెరవాల్సి వస్తుంది.

జూలై 5

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవడి కోసం అబద్ధం రాశాను?

ఇద్దరే వచ్చారు. మీటరన్నారు. మా మీటర్లన్నీ కింద మెట్ల దగ్గర ఉంటాయి, అందుకని తెలిసిపోయింది. తలుపు వేయబోయాను. భుజంతో తోస్తే గడియ ఊడిపోయింది. నేను స్టూలు మీంచి పిస్తోలందుకుని ఎత్తాను.

ఆగారు. ఇది మాత్రం అబద్ధం కాదు. ముందున్నవాడు చేతులు పైకెత్తాడు కూడా. ఆ కాసేపు నేను గోడౌను గేటులో నిలబడ్డ మా నాన్ననే. ఇంత వయసొచ్చాక కూడా అలా అనిపించినందుకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పుడు నా చేతివైపు చూసుకున్నాను. నా బొటనవేలు సరిగ్గా బొట్టు మీద ఉంది. వేలికి చెమట పట్టి ఉంది. చెరిగిపోతుందని వేలు పక్కకి జరిపాను.

పట్టు సడలింది. వాడు చూశాడు. పిల్లాడి చేతిలోంచి గిలక్కాయ తీసుకున్నట్టు తీసేసుకున్నాడు. రెండోవాడు నన్ను తోశాడు. పడ్డాను.

తలుపు చప్పుడికి పైన దా ఖిన్‌తాన్ వరండాలోకొచ్చి గిన్నె కొట్టడం మొదలుపెట్టింది. మూడేళ్ళ కిందట సైన్యం గద్దెనెక్కినప్పుడు, దానికి ఎదురుగా రోజూ రాత్రి సందంతా ఇలా కొట్టేవాళ్ళం. తర్వాత భయపడి అందరం మానేశాం. ఇప్పుడు ఆవిడ ఒక్కతే కొడుతుంటే ఎదురు మేడలోంచి ఇంకో గిన్నె, పక్క మేడలోంచి ఇంకోటి, చూస్తుండగా సందంతా. వాళ్ళు పరుగెత్తారు, పిస్తోలుతో సహా. నేను నేల మీద పడుకునే విన్నాను. ఆ చప్పుడు మళ్ళీ వింటాననుకోలేదు. దుఃఖమో సంతోషమో తెలియకుండా ఏడ్చాను.

పిస్తోలు పోయింది. పోలీసులకి చెప్పడానికి లేదు. సేటుకి చెప్పడానికి సేటు లేడు. నాన్న వేలు ఎవడో దొంగవెధవ సంచిలో ఉంది. దాన్ని కాపాడబోయే పోగొట్టాను.

సుధామణికి ఏమని కబురు పెట్టను? అది ఇంట్లోంచి పోయింది, రా అనా?

జూలై 6, శనివారం

కబురు పెట్టకుండానే వచ్చింది. దా ఖిన్‌తాన్ ఫోన్ చేసిందట. తడిసిన గొడుగు గుమ్మంలో పెట్టి, ఊడిన గడియ చూసి, నా మోచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"ఇంకెక్కడ తగిలినాది?"

"ఎక్కడా లేదు."

"చొక్కా ఇప్పండి."

వీపు మీద కమిలిన చోట కొబ్బరినూనె రాసింది. నావైపు తను చూడకుండా ఉంటేనే నేను చెప్పగలను, అది తనకి తెలుసు. వెనక కూర్చుని రాస్తూనే ఉంది. అంతా చెప్పాను. వేలు జరిపిన సంగతి కూడా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

రాయడం ఆపేసింది.

"దానికోసం ఏలు తీసినారా?"

"నాన్న పెట్టిన ఆఖరి బొట్టు కదా."

వెనక్కి తిరిగి చూస్తే కళ్ళ నిండా నీళ్ళు.

"అది మామయ్య పెట్టినది కాదండి."

నాకు అర్థం కాలేదు.

"మామయ్య పోయిన ఏడు, దసరా ముందు అల్మారా తుడస్తన్నాను. వానలకి గుడ్డ చెమ్మగిల్లిపోయి ఉన్నాది. ఇప్పీసరికి బొట్టంతా గుడ్డకి అంటీసుకున్నాది. మీరు బజారుకెళ్ళినారు. వచ్చి చూస్తే ఏటయిపోతారో అని బయమేసినాది. కుంకంలో ఆవుదం కలిపి, మామయ్యలాగే బొటనేలితో పెట్టీసినాను, ఎడంపక్కకి వొరిగీలాగ. మర్నాడు మీరు హారతిస్తా కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడేటని చెప్పను?"

"తర్వాత?"

"ఏటేటా వానలకి పోతానే ఉంటాది. ఏటేటా పెడతానే ఉన్నాను."

అంటే ఇన్నేళ్ళూ. నేను హారతిచ్చిన ప్రతి దసరాకీ, ముందురోజు సుధామణి వేలు.

"మరి అది పారేయమని ఎందుకు పోరుపెట్టావు?"

"విసుగొచ్చీసినాది" అంది, కొంగుతో మొహం తుడుచుకుని. "ఇంకెన్నాళ్ళు మీకు నాన్ననై ఉండాల? పెళ్ళాన్నై ఉంటే చాలదేటి?"

నాన్న ఇవాళ రెండోసారి పోయినట్టనిపించింది. ఆ వెంటనే, ఇన్నేళ్ళూ నా వెనకాల ఒకరు ఆయన్ని పోకుండా పట్టుకుని ఉన్నారనీ తెలిసింది. వెళ్ళేరోజు తనని ఏమన్నానో గుర్తొచ్చి తలెత్తలేకపోయాను. తన చెయ్యి పట్టుకుని చూశాను. చిన్న బొటనవేలు, గోరు పక్కన కత్తిపీట గాటు. బొట్టు చిన్నదవుతోందని అనుకునేవాణ్ణి. బుద్ధిహీనుణ్ణి.

"నిన్ను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"అనీసినారు కదా. భోంచేద్దారి రండి" అంది.

రేపు గడియ బిగించే మనిషిని పిలవాలి. దా ఖిన్‌తాన్‌కి గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీది ఇవ్వకూడదని సుధామణి పులిహోర చేస్తానంది. తను ఇప్పుడు పక్కగదిలో తడిసిన చీర ఆరేస్తోంది, కూనిరాగం తీస్తూ.

వేలు జరిపినందుకు నాలుగు రోజులుగా సిగ్గుతో చచ్చాను. అది ఎవరి బొట్టో తెలిశాక ఇప్పుడు సిగ్గు లేదు. మళ్ళీ దొంగ వచ్చి నిలబడినా జరుపుతాను.